పాటకెక్కిన రైల్వే స్టేషన్

ఇండోనేషియా వెళ్ళే తెలుగువారిలో ఎక్కువమంది బాలీ చూసి వెనుదిరుగుతారు. నేను జావా ద్వీపం నడిమధ్యనున్న యోగ్యకర్త, సోలో నగరాలను ఎంచుకున్నాను. బొరొబుదూర్, ప్రంబనన్ ఆలయాలు అందుకు ఒక కారణమైతే, ఆ దేశపు పాప్ సంగీతం మీద కొన్నేళ్ళుగా పెరుగుతూ వచ్చిన ఆసక్తి రెండో కారణం. ఆలయాల గురించి తెలుగులో ఇప్పటికే చాలామంది రాశారు కనుక ఇక్కడ పాటల సంగతే చెబుతాను.

యోగ్యకర్తలో తుగు స్టేషన్ దగ్గర చీకటి పడ్డాక అంగ్‌క్రింగాన్ అనే తోపుడుబండ్లు వెలుస్తాయి. ఆకులో గుప్పెడు అన్నం, దాని మీద చిటికెడు చేప, కారం, పక్కనే ఎర్రగా కాలిన బొగ్గు ముక్కను చుయ్యిమనిపించి వేసిన నల్ల కాఫీ. చాప మీద కూర్చుని తింటుండగా ఇద్దరు వీధి గాయకులు వచ్చారు. ఒకరి చేతిలో చిన్న గిటారు ఉంది. రెండోవాడు ప్లాస్టిక్ నీళ్ళ గొట్టాలను పొట్టిగా కోసి, వాటి మూతులకు రబ్బరు బిగించి చేసుకున్న వాద్యాన్ని మెడలో వేసుకున్నాడు. వాళ్ళు పల్లవి ఎత్తుకున్నారో లేదో పక్క చాప మీది కాలేజీ అమ్మాయిలు, బైకు టాక్సీ నడిపే యువకులు, చివరకు బండి నడిపే పెద్దావిడ కూడా గొంతు కలిపారు. చరణం అయ్యేసరికి గాయకులు వినేవాళ్ళుగా, విన్నవాళ్ళు గాయకులుగా మారిపోయారు. పాట ముగిశాక ఖాళీ చాక్లెట్ సంచి ఒకటి చేతులు మారుతూ మా దాకా వచ్చింది. నేనూ ఒక నోటు వేశాను.

ఆ పాట దీదీ కెంపొట్‌ది. సోలోలో పుట్టి, వీధుల్లో పాడుకుంటూ ఎదిగి, 2020 మే 5న 53 ఏళ్ళ వయసులో మరణించిన ఈ గాయకుడు జాతీయ భాషలో కాకుండా జావా భాషలో విరహగీతాలు రాసి పాడాడు. ఇండోనేషియాలో బడి, ప్రభుత్వం, టీవీ అన్నీ ఇండోనేషియా భాషలోనే నడుస్తాయి కాబట్టి, దేశమంతటా వినిపించాలంటే ఆ భాషలోనే పాడాలని బయటివారు అనుకోవడం సహజం. అయితే 2019 నాటికి, ఆయన పాటలు కట్టడం మొదలుపెట్టినప్పటికి ఇంకా పుట్టని పిల్లలు కూడా ఆయన కచేరీల్లో కంటతడి పెట్టుకుంటూ పాడసాగారు.

మర్నాడు లోకల్ రైలెక్కి సోలో వెళ్ళాను. టికెట్టు 8,000 రూపయా, ప్రయాణం గంట పైచిలుకు. దిగింది సోలో బలపాన్ స్టేషన్‌లో. దీదీ కెంపొట్ ఆ స్టేషన్ పేరునే శీర్షికగా పెట్టి, త్వరలో తిరిగివస్తానని రైలెక్కి మళ్ళీ రాని మనిషి కోసం ఎదురుచూసేవారి గోడును పాట కట్టాడు. చూడబోతే అది మామూలు స్టేషన్: పొడవైన ప్లాట్‌ఫారాలు, సామాన్లు మోసేవారు, పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తే తల్లులు. అక్కడ నిలబడి ఫొటోలు దిగుతున్నవారిని చూశాక, ప్రజాదరణ కోసం ఊళ్ళ పేర్లు, యాస చెరిపేసి పాటను ‘అందరిదీ’ చేయాలనే మన సినిమావాళ్ళ నమ్మకం మీద నాకు గట్టి అనుమానం కలిగింది. 2019లో డెన్నీ చక్నన్ అనే యువకుడు కూడా న్గావి పట్టణంలోని ఒక నాలుగురోడ్ల కూడలి పేరు మీద జావా పాట పాడి దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. 2022 స్వాతంత్ర్య దినోత్సవం నాడు జకార్తా అధ్యక్ష భవనంలో ఒక బాలుడు జావా పాట పాడితే మంత్రులు లేచి చిందులేశారు.

ఇది ఒక్కరోజులో వచ్చిన మార్పు కాదు. బీటిల్స్ అనే బ్రిటిష్ రాక్ బృందం తరహా సంగీతం వాయించారని 1965లో అప్పటి అధ్యక్షుడు సుకర్ణో ప్రభుత్వం కోస్ సోదరులనే గాయకులను జైల్లో పెట్టింది. వారే కోస్ ప్లస్ పేరుతో 1970ల్లో దేశాన్ని ఊపేశారు, జావా భాషలోనూ ఆల్బంలు చేశారు. అదే దశకంలో రోమా ఇరామా అనే గాయకుడు హిందీ సినిమా బాణీల ఛాయను, మలయ్ సంగీతాన్ని, ఎలక్ట్రిక్ గిటారును కలిపి దంగ్‌దుత్ అనే పాటల శైలిని జనంలోకి తెచ్చాడు. నేను భారతీయుణ్ణని తెలియగానే సోలోలో ఆటో డ్రైవరు షారుఖ్ ఖాన్ పాట అందుకున్నాడు. తెలుగు పాట ఏదైనా వచ్చా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

జావా నుంచి 1890–1939 మధ్య దాదాపు 33 వేల మందిని డచ్చివారు దక్షిణ అమెరికాలోని సూరినామ్‌కు కూలీలుగా తీసుకెళ్ళారు. వాళ్ళ మనవలు, మునిమనవలు దీదీ కెంపొట్‌ను తమ గాయకుడిగానే చూసుకున్నారు. ఆయన పలుమార్లు అక్కడికి వెళ్ళి పాడాడు, వాళ్ళ రాజధాని పరమారిబో పేరుతో పాట కట్టాడు. మారిషస్‌కు వలసపోయిన మన తెలుగువారు నేటికీ రామభజనలు నిలుపుకున్నారు. వాళ్ళ రాజధాని పోర్ట్ లూయీని తలచిన తెలుగు పాట ఒక్కటైనా ఉందా అని ఆలోచిస్తే నాకేదీ గుర్తుకు రాలేదు.

సోలోలో తప్పక చూడవలసినది లోకనంత. 1956లో ప్రభుత్వం నెలకొల్పిన ఈ రికార్డుల సంస్థ, క్యాసెట్ల కాలం పోయాక చాలాకాలం చితికిపోయి, 2023లో కొత్త హంగులతో మళ్ళీ తెరుచుకుంది. 1940లో ‘బెంగావన్ సోలో’ పాట రాసి జపాన్ దాకా పేరు మోసిన గెసాంగ్ గొంతు ఇక్కడి టేపుల్లో భద్రంగా ఉంది. పాత రికార్డింగ్ యంత్రాలున్న గదికి నాలుగడుగుల దూరంలో కాఫీ దుకాణాలు, కచేరీ వేదిక పెట్టడం వల్ల కుర్రకారు సాయంత్రం కాలక్షేపానికి వచ్చి, దారిలో చరిత్రను చూసిపోతున్నారు. మన ఆకాశవాణి భాండాగారాలకు ఇలాంటి వాకిలి ఒకటి ఉంటే ఎంత బాగుండును.

అక్కడ అంతా సవ్యంగానే ఉందని కాదు. ఎవరి పాటనైనా ఎవరైనా పాడేసే అలవాటు వల్లే పాట ఊరూరా పాకుతుంది, దానివల్లే రాసినవాడికి చిల్లిగవ్వ రాకుండానూ పోతుంది. హోటళ్ళు, కెఫేలు, కరవోకే గదులు పాటలు వాడుకున్నందుకు రాయల్టీ చెల్లించాలని 2021లో ప్రభుత్వం నిబంధనలు తెచ్చినా తగవులు తీరలేదు. ఐనా పాట కట్టినవాడి పేరు మీద అక్కడ బహిరంగంగా వాదన జరుగుతోంది. మన యూట్యూబు చానెళ్ళలో జనం విరగబడి వినే జానపదాల కింద చాలాసార్లు ‘సేకరణ’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు; పాట పాడి వినిపించిన ముసలమ్మ పేరు గానీ, ఆమె ఊరి పేరు గానీ అందులో కనిపించవు.