టేబుల్ లేఅవుట్ నుంచి సీఎస్ఎస్ గ్రిడ్‌కి: పాత అలవాటు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ కొంప ముంచుతుంది

ఏళ్ల తరబడి టేబుళ్లతో పేజీలు కట్టినవాళ్లు సీఎస్ఎస్ (వెబ్ పేజీ ఎలా కనబడాలో చెప్పే భాష) లేఅవుట్ నేర్చుకుందామని కూర్చుంటే ముందు తగిలేది ఫ్లోట్. పాత పాఠాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి. దాన్ని దాటేయమనే నా సలహా. బొమ్మ పక్కన అక్షరాలు పారడానికి పుట్టిన ప్రాపర్టీ అది. దానితో కాలమ్స్ కట్టడం, కూలిపోయిన ఎత్తును క్లియర్‌ఫిక్స్ అనే కిటుకుతో లేపి నిలబెట్టడం, ఇవన్నీ వేరే దారి లేక జనం పడ్డ పాట్లు. టేబుల్ తెలిసినవాళ్లకి గ్రిడ్ దగ్గరి చుట్టం. వరసలు, కాలమ్స్, స్పాన్ అన్నీ తెలిసినవే కాబట్టి నేరుగా అక్కడికే వెళ్లొచ్చు.

టేబుల్‌తో లేఅవుట్ చేయడం తప్పు అని అప్పట్లో చాలా క్లాసులు పీకారు గానీ, సీఎస్ఎస్ మొదటి ప్రమాణం 1996 డిసెంబరులో వస్తే, పేజీ మొత్తాన్ని అటు వరసల్లో ఇటు కాలమ్స్‌లో ఒకేసారి అమర్చే గ్రిడ్ ఫైర్‌ఫాక్స్ 52, క్రోమ్ 57, సఫారీ 10.1లలో 2017 మార్చికి గానీ రాలేదు. ఎడ్జ్‌లో పూర్తి రూపంలో వచ్చింది అదే ఏడాది అక్టోబరులో. మధ్యలో ఇరవై ఏళ్లు టేబులే దిక్కు అనుకున్నవాళ్లని తప్పుపట్టడానికేమీ లేదు.

కింద ప్రాపర్టీల పేర్లన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. ఎడిటర్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ఒక పాత పేజీని విప్పి చూస్తే

800 పిక్సెళ్ల తెరల కాలంలో 760 వెడల్పు టేబుల్ అందరికీ కంఠతా. పైన కాల్‌స్పాన్ 3 పెట్టిన సెల్‌లో హెడర్, ఎడమ 160లో మెనూ, మధ్య 440లో విషయం, కుడి 160లో పక్క సమాచారం, అడుగున మళ్లీ కాల్‌స్పాన్ 3తో ఫుటర్. దీన్ని మార్చేటప్పుడు సీఎస్ఎస్ ఫైల్ జోలికి వెంటనే పోకూడదు. ముందు హెచ్‌టీఎంఎల్‌లో టేబుల్, టీఆర్, టీడీ ట్యాగులు, ఒక్క పిక్సెల్ స్పేసర్ బొమ్మలు అన్నీ పీకేసి, హెడర్, నావ్, మెయిన్, అసైడ్, ఫుటర్ అని ఐదు ట్యాగుల్లో విషయాన్ని చదివే వరసలో పెట్టాలి. స్టైల్ ఏమీ లేకుండా బ్రౌజర్‌లో తెరిచి పైనుంచి కిందికి చదివితే అర్థం కావాలి. కాకపోతే గ్రిడ్ పెట్టినా లాభం లేదు.

పైన డాక్‌టైప్ (ఫైల్‌లో మొట్టమొదట రాసే, పేజీ రకం చెప్పే లైను) ఉందో లేదో చూడాలి. పాత పేజీల్లో చాలావాటికి ఉండదు, అప్పుడు బ్రౌజర్ పాత బ్రౌజర్లను అనుకరించే క్వర్క్స్ మోడ్‌లో నడుస్తుంది. డాక్‌టైప్ పెట్టగానే రెండు వింతలు కనబడతాయి. క్వర్క్స్‌లో టేబుల్ బాడీ నుంచి ఫాంట్ సైజు తీసుకోదు, ఇప్పుడు తీసుకుంటుంది కాబట్టి మిగిలిన డేటా టేబుళ్లలో అక్షరాల సైజు మారిపోతుంది. ముక్కలుగా కోసి పేర్చిన బొమ్మల మధ్య సన్నటి సందులు తేలతాయి. బొమ్మ కూడా అక్షరంలాగే బేస్‌లైన్ మీద కూర్చుంటుంది, కింద అక్షరాల తోకల కోసం వదిలిన జాగా అది. బొమ్మకి డిస్‌ప్లే: బ్లాక్ పెడితే పోతుంది. వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ కూడా అప్పుడే పెట్టేయాలి. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీని 980 పిక్సెళ్ల వెడల్పు అనుకుని కుదించి చూపిస్తుంది, మీడియా క్వెరీలు (తెర వెడల్పుని బట్టి స్టైల్ మార్చే నియమాలు) ఎన్ని రాసినా పలకవు.

ఇక గ్రిడ్. అన్ని ఎలిమెంట్లకీ బాక్స్-సైజింగ్: బార్డర్-బాక్స్ (ప్యాడింగ్, బార్డర్ కూడా వెడల్పులోనే కలిపి లెక్కించమని) పెట్టాక బాడీకి ఇలా:

డిస్‌ప్లే: గ్రిడ్;
గ్రిడ్-టెంప్లేట్-కాలమ్స్: 160పీఎక్స్ మిన్‌మ్యాక్స్(0, 1ఎఫ్ఆర్) 160పీఎక్స్;
గ్రిడ్-టెంప్లేట్-రోస్: ఆటో 1ఎఫ్ఆర్ ఆటో;
గ్రిడ్-టెంప్లేట్-ఏరియాస్:
"తల తల తల"
"మెనూ విషయం పక్క"
"అడుగు అడుగు అడుగు";
గ్యాప్: 16పీఎక్స్;
మిన్-హైట్: 100వీహెచ్;

తర్వాత హెడర్‌కి గ్రిడ్-ఏరియా: తల, నావ్‌కి గ్రిడ్-ఏరియా: మెనూ, ఇలా ఐదింటికీ ఒక్కో లైను. ఏరియా పేర్లు మాత్రం నిజంగానే తెలుగులో రాసుకోవచ్చు, ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ చేసి ఉంటే చాలు. సీఎస్ఎస్ పేర్లకి ఇంగ్లీషు అక్షరాలే ఉండాలన్న నియమం లేదు.

"తల"ని మూడుసార్లు రాయడమే ఇక్కడ కాల్‌స్పాన్. సెల్‌స్పేసింగ్ చేసిన పని గ్యాప్ చేస్తుంది, అదీ బయటి అంచుల్లో కాకుండా సెల్స్ మధ్య మాత్రమే. సెల్‌ప్యాడింగ్ బదులు మామూలు ప్యాడింగ్. టేబుల్‌కి హైట్ 100 శాతం పెట్టి ఫుటర్‌ని అడుగుకి తోసిన కిటుకు స్థానంలో చివరి లైను (100వీహెచ్ అంటే తెర మొత్తం ఎత్తు), మధ్య వరసలోని 1ఎఫ్ఆర్ (మిగిలిన జాగాలో ఒక వాటా) కలిసి పనిచేస్తున్నాయి. ఫోన్లలో అడ్రస్ బార్ లోపలికీ బయటికీ జరుగుతుంటే 100వీహెచ్ కాస్త ఎక్కువవుతుంది. దాని కిందే మరో లైనులో 100డీవీహెచ్ రాస్తే, 2022 నుంచి వచ్చిన బ్రౌజర్లు దాన్ని తీసుకుంటాయి, పాతవి పైదానితో సరిపెట్టుకుంటాయి.

ఏరియాలతో రెండు జాగ్రత్తలు. ఒక పేరు ఆక్రమించే జాగా దీర్ఘచతురస్రంగా ఉండాలి. ఎల్ ఆకారంలో రాస్తే ఆ డిక్లరేషన్ మొత్తాన్నీ బ్రౌజర్ పారేస్తుంది, ఎర్రర్ ఏమీ పైకి కనబడదు. ఇక ఎలిమెంట్ దగ్గర పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ భాగం గ్రిడ్‌కి కుడివైపు, అడుగున కొత్తగా పుట్టిన గడిలోకి పోయి కూర్చుంటుంది. ఎక్కడినుంచో నాలుగో కాలమ్ ఊడిపడిందంటే ముందు స్పెల్లింగ్ చూసుకోవడం మంచిది.

పైన రాసింది పెద్ద తెరకి. ఫోన్‌కి ఇదంతా అక్కర్లేదు, ఐదు ట్యాగులూ ఒకదాని కింద ఒకటి వాటంతటవే పడతాయి. కాబట్టి డిస్‌ప్లే: గ్రిడ్‌తో సహా మొత్తాన్ని మీడియా (మిన్-విడ్త్: 48ఈఎమ్) లోపల పెట్టడమే తేలిక. డిస్‌ప్లే: గ్రిడ్‌ని బయట వదిలి టెంప్లేట్‌ని మాత్రం లోపల పెడితే, చిన్న తెర మీద ఆ ఏరియా పేర్లకి అర్థం లేకుండా పోయి ఐదు భాగాలూ ఒకే గడిలో ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఒకటి ఎఫ్ఆర్ అంటే సమానం కాదు

టేబుల్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. టేబుల్ వెడల్పుని నిర్ణయించేది లోపలి సరుకు. 440 అని రాసినా అందులో 600 బొమ్మ పెడితే సెల్ సాగుతుంది, పక్కవి నలుగుతాయి. టేబుల్-లేఅవుట్: ఫిక్స్‌డ్ పెడితే తప్ప మాట వినదు. గ్రిడ్‌లో ఆ బాధ ఉండదనుకుని మూడు కాలమ్స్‌కీ 1ఎఫ్ఆర్ రాస్తారు. మధ్య కాలమ్‌లో విరగని పొడుగాటి లింకో, ప్రీ ట్యాగ్‌లో వంద అక్షరాల కోడ్ లైనో వచ్చిందంటే ఆ కాలమ్ ఉబ్బి పేజీ అడ్డంగా స్క్రోల్ అవడం మొదలవుతుంది.

1ఎఫ్ఆర్ అంటే లోపల మిన్‌మ్యాక్స్(ఆటో, 1ఎఫ్ఆర్) అని అర్థం. కనిష్ఠం ఆటో కాబట్టి సరుకు ఎంతకంటే చిన్నదవలేదో కాలమ్ కూడా అంతకంటే తగ్గదు. అందుకే పైన మిన్‌మ్యాక్స్(0, 1ఎఫ్ఆర్) అని రాసింది. కనిష్ఠం సున్నా అయ్యాక కాలమ్ తన వాటాకి కట్టుబడి ఉంటుంది, సరుకే బయటికి పొర్లుతుంది. దాని సంగతి విడిగా చూసుకోవాలి: బొమ్మలకి మ్యాక్స్-విడ్త్: 100 శాతం, హైట్: ఆటో, పొడుగు లింకులకి ఓవర్‌ఫ్లో-ర్యాప్: ఎనీవేర్, కోడ్ బ్లాకులకి ఓవర్‌ఫ్లో-ఎక్స్: ఆటో. ఫ్లెక్స్‌బాక్స్‌లోనూ (ఒకే వరసలో అమర్చే మరో సీఎస్ఎస్ పద్ధతి) ఇదే జబ్బు, మందు వేరు: ఉబ్బుతున్న ఐటమ్‌కి మిన్-విడ్త్: 0.

కాలమ్స్‌కి శాతాలు రాసే అలవాటు కూడా వదిలించుకోవాలి. 33.33 శాతం చొప్పున మూడు రాసి, గ్యాప్ 16 పెడితే మొత్తం వెడల్పు నూరు శాతం మీద మరో 32 పిక్సెళ్లు అవుతుంది. ఎఫ్ఆర్ అయితే గ్యాప్ తీసేశాక మిగిలిన జాగానే పంచుతుంది.

కనబడని సాగుడు

గ్రిడ్‌లో ప్రతి ఐటమ్ తన గడి ఎత్తు మొత్తం సాగుతుంది. పక్కపక్క కాలమ్స్ సమాన ఎత్తులో ఉండటం టేబుల్‌లో ఉచితంగా వచ్చేది, ఫ్లోట్ కాలంలో నేపథ్యానికి బొమ్మ పెట్టి నమ్మించాల్సి వచ్చేది. ఇప్పుడు మళ్లీ ఉచితమే. అయితే స్క్రోల్ చేస్తుంటే మెనూ పైనే అంటిపెట్టుకుని ఉండాలని పొజిషన్: స్టికీ, టాప్: 0 పెడితే ఏమీ జరగదు. కారణం ఈ సాగుడే. మెనూ అప్పటికే గడి అంతా నిండి ఉంటే దానికి జరగడానికి చోటేది? అలైన్-సెల్ఫ్: స్టార్ట్ ఇస్తే మెనూ తన ఎత్తుకి కుదించుకుంటుంది, కింద ఖాళీ మిగులుతుంది, స్టికీ పనిచేస్తుంది. అయినా కదలకపోతే పైనున్న ఏదో ఎలిమెంట్‌కి ఓవర్‌ఫ్లో: హిడెన్ ఉందేమో వెతకాలి.

సెల్‌లో సరుకుని నిలువునా మధ్యలో నిలిపిన వాలైన్ మిడిల్ బదులు ఏమిటంటే అలైన్-ఐటమ్స్: సెంటర్. దీనికి గ్రిడ్ అయినా ఫ్లెక్స్ అయినా ఒకటే. ఎటొచ్చీ ఇది తండ్రి ఎలిమెంట్‌కి రాయాలి, సెల్‌కి కాదు. నేరు పిల్లలకే వర్తిస్తుంది, మనవలకి కాదు. మధ్యలో ఒక డివ్ అడ్డొచ్చినా లేఅవుట్ పలకడం మానేస్తుంది. సగం "గ్రిడ్ పనిచేయట్లేదు" ఫిర్యాదులకి మూలం ఆ అనవసరపు డివ్వే.

ఫ్లెక్స్‌బాక్స్ ఎప్పుడు అంటే, ఒకే వరసలో సరుకు తన వెడల్పుకి తగ్గట్టు సర్దుకోవాలనుకున్నప్పుడు. మెనూ లింకులు, బటన్లు, లోగో పక్కన సెర్చ్ పెట్టె. చివరి లింకుని కుడి మూలకి తోయడానికి దానికి మార్జిన్-లెఫ్ట్: ఆటో చాలు. ఫ్లెక్స్‌లో గ్యాప్ సఫారీలో 14.1 నుంచి, అంటే 2021 నుంచి ఉంది, కాబట్టి పిల్లలకి మార్జిన్లు ఇచ్చి చివరిదానికి తీసేసే తంతు ఇక అక్కర్లేదు.

కార్డులు, సబ్‌గ్రిడ్

ప్రొడక్టుల పేజీలో టేబుల్‌తో వరసకి నాలుగు అని లెక్క వేసి, నాలుగయ్యాక టీఆర్ మూసి తెరిచే లూపులు సర్వర్ కోడ్‌లో ఇంకా చాలాచోట్ల కనబడతాయి. వాటిని తీసేసి తండ్రికి రిపీట్(ఆటో-ఫిల్, మిన్‌మ్యాక్స్(మిన్(100శాతం, 260పీఎక్స్), 1ఎఫ్ఆర్)) అని ఒక్క లైను రాస్తే, జాగా ఎంతుంటే అన్ని కాలమ్స్ వస్తాయి. లోపలి మిన్() ఎందుకంటే 260 కంటే సన్నటి జాగాలో కార్డు బయటికి పొడుచుకు రాకుండా. ఆటో-ఫిల్ బదులు ఆటో-ఫిట్ రాస్తే ఖాళీ కాలమ్స్ ముడుచుకుపోతాయి. వెతికితే రెండే ప్రొడక్టులు దొరికినప్పుడు ఆ రెండూ తెర అంతా సాగి వికారంగా ఉంటాయి. అందుకే జాబితాలకి ఆటో-ఫిల్ మంచిది.

టేబుల్‌లో ఒక సుఖం ఉండేది: పేర్లు ఒక టీఆర్‌లో, వివరాలు ఇంకో టీఆర్‌లో, బటన్లు మూడో టీఆర్‌లో పెడితే ఒక పేరు రెండు లైన్లకి పెరిగినా మిగతావి గీత గీసినట్టు నిలిచేవి. కార్డులుగా మార్చగానే అది పోయింది, ప్రతి కార్డూ తన లెక్క తనదే. దాన్ని తిరిగి తెచ్చేది సబ్‌గ్రిడ్. కార్డుకి గ్రిడ్-రో: స్పాన్ 3, డిస్‌ప్లే: గ్రిడ్, గ్రిడ్-టెంప్లేట్-రోస్: సబ్‌గ్రిడ్ పెడితే, లోపలి పేరు, వివరం, బటన్ మూడూ బయటి గ్రిడ్ వరసల మీదే కూర్చుంటాయి. బయటి రో-గ్యాప్ కూడా లోపలికి వచ్చేస్తుంది, వద్దనుకుంటే కార్డుకి వేరే రో-గ్యాప్ రాయాలి. ఫైర్‌ఫాక్స్ 71 దీన్ని 2019లోనే తెచ్చింది. సఫారీ 16 వచ్చింది 2022లో, క్రోమ్ 117 వచ్చేసరికి 2023 సెప్టెంబరు. ఇప్పుడు ధైర్యంగా వాడొచ్చు.

తప్పు ఎక్కడుందో పట్టడానికి టేబుల్‌కి బార్డర్ 1 పెట్టి చూసేవాళ్లం కదా, సీఎస్ఎస్‌లో బార్డర్ కాకుండా అవుట్‌లైన్ పెట్టాలి. అవుట్‌లైన్ జాగా తినదు, లేఅవుట్ కదలదు. దానికంటే మేలు బ్రౌజర్ ఇన్‌స్పెక్టరే. అందులో ఎలిమెంట్ పక్కన గ్రిడ్ అని చిన్న బిళ్ల కనబడుతుంది, నొక్కితే గీతలు పేజీ మీదే వస్తాయి. సెట్టింగుల్లో గీతల నంబర్లు, ఏరియా పేర్లు కూడా చూపించమనొచ్చు.

గ్రిడ్ చేతిలో ఉందని భాగాలను ఇష్టమొచ్చినట్టు తారుమారు చేయకూడదు. కంటికి కనబడే స్థానం మారుతుందే తప్ప, ట్యాబ్ మీట నొక్కేవాళ్లకీ స్క్రీన్ రీడర్ (తెర మీది విషయాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకీ హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న వరసే వస్తుంది.

నిజమైన పట్టికలు, అంటే ధరలు, మార్కులు, టైమ్‌టేబుళ్లు, టేబుల్‌గానే ఉండాలి. ఫోన్‌లో పట్టకపోతే బయట ఓవర్‌ఫ్లో-ఎక్స్: ఆటో ఉన్న డివ్ చుట్టండి. టేబుల్ ట్యాగుకి డిస్‌ప్లే: గ్రిడ్ ఇస్తే కొన్ని బ్రౌజర్లలో అది పట్టిక అన్న సంగతే స్క్రీన్ రీడర్‌కి అందదు.

హెచ్‌టీఎంఎల్ ఈమెయిల్ చేసేవాళ్లు మాత్రం పాత విద్యని మర్చిపోవద్దు. విండోస్ మీది పాత తరహా అవుట్‌లుక్ 2007 నుంచి మెయిల్‌ని గీయడానికి వర్డ్ ఇంజిన్‌నే వాడుతోంది, దానికి గ్రిడ్డూ ఫ్లెక్సూ తెలియవు. అక్కడ ఇప్పటికీ 600 వెడల్పు టేబుల్, లోపల మరో టేబుల్, స్టైల్ అంతా ట్యాగులోనే. ఆ టేబుళ్లకి రోల్ ఆట్రిబ్యూట్‌లో ప్రెజెంటేషన్ అని పెడితే స్క్రీన్ రీడర్ ప్రతిసారీ వరసలూ కాలమ్సూ లెక్కపెట్టి వినిపించకుండా విషయం చదువుతుంది.