రోడ్ నెంబర్ 36లో గెడ్డం

సెలవుల్లో ఉన్నవాడు రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి గీక్కోవడమేంటని హైదరాబాద్ వచ్చిన దగ్గర్నుంచి గెడ్డం జోలికి పోలేదు. ఇవాళ టిఫిన్ దగ్గర అక్క నా మొహంకేసి చూసి "సాయంత్రం మా ఆడపడుచు వాళ్లింట్లో భోజనం, ఈ అవతారంతోనే వస్తావా?" అంది. సరే, సందు చివర షాపులో పని కానిచ్చుకొద్దామని చెప్పులు వేసుకుంటుంటే బావగారు పేపర్లోంచి తల ఎత్తకుండానే "ఇవాళ మంగళవారం కదయ్యా, యూసుఫ్‌గూడ అంతా తిరిగినా ఒక్క షట్టర్ లేచి ఉండదు" అన్నారు. మా అమలాపురంలోనూ అంతే, మంగళవారం సెలూన్లకి సెలవు. సెలవుల్లో పడి నేనే వారాలు మర్చిపోయాను.

"తీసుండేది ఆ జూబ్లీహిల్స్ ఏసీ వాళ్లే" అని బావగారు ఫోన్ తీసి, యాప్‌లో ఏవో నొక్కి, నన్నడక్కుండానే పదకొండింటికి బుక్ చేసేశారు. రాయల్ షేవ్ అట, 45 నిమిషాలట, 900 రూపాయలట, పైన జీఎస్టీ. ఆయనకేం, నిండుగా గెడ్డం పెంచుకుని కూర్చున్నారు, పోయేవి నా డబ్బులు. అక్క రేటు విని ఉలిక్కిపడి, కాసేపటికి తేరుకుని, "వెళ్తే వెళ్లు గానీ మెడ మాత్రం విరవనివ్వకు" అంది. 2022లో ఇక్కడే హైదరాబాద్‌లో ఒకావిడ పార్లర్‌లో తల కడిగించుకుంటుంటే మెడ వెనక్కి వాలి, రక్తనాళం నొక్కుకుని స్ట్రోక్ వచ్చిందని పేపర్లలో పడింది, అప్పట్నుంచి ఈ ఇంట్లో ఎవరు సెలూన్‌కి బయల్దేరినా అక్క చెప్పేది ఇదే. చాదస్తం అనడానికి లేదు. మెదడుకి రక్తం మోసుకెళ్లే నాళాల్లో రెండు మెడ ఎముకల మధ్య నుంచే పోతాయి, అక్కడ పట్టుకుని ఒక్క ఊపున తిప్పించుకునే సరదా నేనూ ఎప్పుడో మానేశాను.

యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ రెండో స్టేషన్. దిగి రోడ్ నెంబర్ 36 వెంట నడుచుకుంటూ వెళ్లాను. ఆ రోడ్డు మీద నడిచేవాళ్లు తక్కువ, ఫుట్‌పాత్ ఉన్నచోట బైకులు, లేనిచోట కార్లు. సెలూన్ మొదటి అంతస్తులో, కింద నగల షోరూము. నేను నడిచి రావడం చూసి సెక్యూరిటీ ఆయన డెలివరీ అబ్బాయి అనుకున్నట్టున్నాడు, చేతులవైపు చూశాడు.

లోపలికి వెళ్లగానే నా కళ్లు వెతికింది బెంచీ కోసం. లేదు. సెలూన్ అంటే ముందు బెంచీ ఉండాలి, దాని మీద విడివిడి పేజీలుగా చెదిరిపోయిన పేపరు ఉండాలి, మన వంతు కోసం కూర్చున్నట్టు నటిస్తూ ఊళ్లో రాజకీయాలు వినడానికే వచ్చిన ఒక పెద్దాయన ఉండాలి. ఇక్కడ ఎవరి టైము వాళ్లకి ముందే రాసిపెట్టి ఉంది కాబట్టి ఎదురుచూసేవాళ్లే లేరు. ఒకమ్మాయి వచ్చి కాఫీయా గ్రీన్ టీయా అని అడిగింది, వద్దన్నాను, అయినా నీళ్ల సీసా చేతిలో పెట్టింది.

కుర్చీ మాత్రం కుర్చీయే. పక్కన ఏదో నొక్కగానే కాళ్ల కిందనుంచి ఒక పలక లేచింది, వీపు వెనక్కి వాలింది, పడుకున్నంత పని అయింది. మెడ కింద మెత్త సరిగ్గా అమరేదాకా ఆ కుర్రాడు రెండుసార్లు సర్దాడు. పాతికేళ్లుంటాయేమో, నల్ల ఏప్రాను, చేతులకి గ్లవ్స్. ముందు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు, తర్వాత హిందీలోకి వచ్చాడు, నేను తెలుగులో జవాబివ్వగానే భుజాలు కిందికి దిగినట్టు తేలిగ్గా "తెలుగేనా సార్" అన్నాడు.

గెడ్డానికి ముందు ఏదో నూనె నాలుగు చుక్కలు రాశాడు. తర్వాత టవల్. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. మూలనున్న చిన్న స్టీలు పెట్టె తలుపు తియ్యగానే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి లేచింది, అందులోంచి చుట్టిన టవల్ ఒకటి తీసి, విదిల్చి, తన మోచేతి లోపలివైపు ఆనించి వేడి చూసుకుని, గెడ్డం కింద మొదలుపెట్టి బుగ్గల మీదుగా నుదుటిదాకా చుట్టాడు, ముక్కు దగ్గర మాత్రం ఖాళీ. బయట చలిగాలిలో నడిచొచ్చిన మొహానికి ఆ వేడి తగలగానే పళ్లు బిగబట్టుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది, ఎందుకంటే దవడ దానంతటదే వదులైంది. అది చల్లబడేలోపు ఇంకోటి. వెంట్రుకలో ఉండే కెరాటిన్ నీళ్లు పీల్చుకుంటుంది, రెండు మూడు నిమిషాలు వేడి తడిలో నానితే ఉబ్బి మెత్తబడుతుంది, కత్తికి పట్టే బలం తగ్గుతుంది, ఇది నాకు తెలియంది కాదు. కానీ ఇంట్లో ఎవడు నానబెడతాడు? కుళాయి తిప్పి, చల్లనీళ్లు మొహాన కొట్టుకుని, ట్యూబు నొక్కి, రెండు నిమిషాల్లో గీకేసి, ఆఫీసుకి పరిగెత్తి, మధ్యాహ్నానికి మెడ మండుతోందని బ్లేడుని తిట్టుకోవడమే.

నురగ గిన్నెలో కలిపాడు, బ్రష్షుతో. గుండ్రంగా తిప్పుతూ, వెంట్రుకలు లేచి నిలబడేలా కింద నుంచి పైకి రాస్తూ, ఎంతసేపు చేశాడో చెప్పలేను, పైన స్పీకర్లో పాట మాత్రం మారింది. మాటల్లేని పాటలు. అటువంటిచోట పాట పెట్టేది మనం మాట్లాడకుండా ఉండడానికేనని నా అనుమానం.

కత్తి పట్టుకున్నప్పుడు మాత్రం నేను కళ్లు తెరిచాను. వాడని బ్లేడు నాకు చూపించి, కాగితంతో సహా మధ్యకి మడిచి టిక్కుమని విరిచాడు, ఒక సగం కత్తిలోకి జారవిడిచి బిగించి, రెండో సగాన్ని కాగితంలోనే పక్కన పెట్టాడు. అచ్చం మా ఊళ్లో చేసినట్టే. ఇక్కడ పిడి చెక్కది, అక్కడ స్టీలుది, అంతే తేడా. ఎయిడ్స్ గురించి హెచ్చరించే పులిరాజా పోస్టర్లు గోడల మీద ఉన్న కాలం నుంచి నాకు ఈ అలవాటు, బ్లేడు విరిచే చప్పుడు వినబడకపోతే కుర్చీలోంచి లేచిపోతాను. పైగా 2020లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు, వెంట్రుక ఉక్కు కంటే దాదాపు 50 రెట్లు మెత్తనిది, అయినా అది వంగి ఒక కోణంలో తగిలినప్పుడు బ్లేడు అంచు చిన్న చిన్న పెచ్చులుగా ఊడుతుందట. కాబట్టి ఒకడికి వాడిన బ్లేడు రెండోవాడికి వాడకూడదనడానికి రోగాల భయం ఒక్కటే కారణం కాదు.

మా తాతయ్యకి అరుగు మీద గెడ్డం చేసే ఆయన దగ్గర ఇవేమీ లేవు. చంకలో పొది, అందులో కత్తి, సానరాయి, ఇత్తడి గిన్నె, పటిక ముక్క. తోలు పట్టీ మీద కత్తిని అటూ ఇటూ లాగుతుంటే వచ్చే చప్పుడు కోసం మేం పిల్లలం చుట్టూ చేరేవాళ్లం. డబ్బులు కాదు, కోతలయ్యాక కళ్లంలో మేర ధాన్యం కొలిచిచ్చేవారు. ఊళ్లో పెళ్లికి సన్నాయి ఆయనదే, పిల్లలకి కురుపు లేస్తే మందు కట్టేదీ ఆయనే. ఇన్ని పనులు చేసే మనిషికి ఏడాదికోసారి నాలుగు కుంచాల ధాన్యం ఇచ్చి ఊరంతా బాగానే సరిపెట్టుకుంది.

ఇది ఆలోచిస్తూ, మొహం నిండా నురగతోనే "మీది ఏ ఊరు?" అని అడిగాను. నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె అన్నాడు. అప్పటిదాకా ఆచితూచి మాట్లాడుతున్నవాడు కాస్త చుట్టూ చూసి గొంతు తగ్గించి, "మా నాయినకు ఆడ షాపుంది సార్. కరెంటు బిల్లు లేదు, 250 యూనిట్ల దాక మాఫీ. ఆమ్దానీ గూడ అట్లనే ఉంది" అని నవ్వాడు. ఆమ్దానీ అంటే రాబడి. తెలంగాణలో సెలూన్లకి ఆ ఉచిత కరెంటు 2021 ఏప్రిల్‌లో మొదలైంది. వాళ్ల నాన్న డోలు వాయిస్తాడట, ఇతనూ నేర్చుకున్నాడట, మాఘమాసం వస్తే ఊరి మేళంలో ఒక చెయ్యి తక్కువవుతుందని ఫోన్లు, ఇక్కడేమో పెళ్లిళ్ల సీజన్ అంటే పెళ్లికొడుకుల బుకింగులు, లీవు అడిగితే మేనేజరు మొహం మాడ్చుకుంటాడట. "ఆ పెండ్లికొడుకు గడ్డం ఈడ నేనే గీస్త, ఆడ డోలు గూడ నేనే కొట్టాలె, యాడికని పోవాలె సార్?" అన్నాడు. మేనేజరు అటుగా రాగానే మళ్లీ "సార్, గెడ్డం కొంచెం పైకి" అని మామూలు భాషలోకి వెళ్లిపోయాడు.

చెయ్యి మాత్రం మంచి చెయ్యి. ఎడమ బొటనవేలితో చర్మాన్ని సాగదీసి పట్టుకుని, కత్తిని నొక్కకుండా దాని బరువుకే వదిలేస్తున్నాడు. గొంతుముడి దగ్గర చర్మాన్ని పక్కకి లాగి, ఎత్తు లేని చోటికి తెచ్చి గీశాడు, అక్కడ నేను ఇంట్లో తెగనరుక్కోని వారం ఉండదు. ముక్కు కొన రెండు వేళ్లతో పైకెత్తి పైపెదవి మీద మూడు చిన్న గీతలు. ఊపిరి బిగబట్టింది నేనొక్కణ్నే కాదు, అతనూ బిగబట్టాడు, వదిలినప్పుడు నా నుదుటికి తగిలింది.

రెండోసారి నురగ రాసి "ఉల్టా కొట్టాల్నా సార్?" అన్నాడు. బుగ్గల మీద కొట్టమని మెడ వదిలెయ్యమన్నాను. వెంట్రుక వాలుకి ఎదురు గీస్తే నున్నగా ఉంటుంది, ఒప్పుకుంటాను, కానీ నాలాంటి రింగుల వెంట్రుకలవాడికి తెగిన మొన చర్మం లోపలికే తిరిగి మొలుచుకొచ్చి పొక్కులు లేస్తాయి. నున్నదనం ఒక పూట ఉంటుంది, పొక్కులు వారం ఉంటాయి. ఈ రెండో విడత లేకపోయినా రాయల్ షేవ్‌కి లోటేమీ లేదని నా ఉద్దేశం.

చివర్లో చల్ల టవల్, ఆ మీదట ఏదో విదేశీ బామ్, చందనం వాసనొచ్చేది. నాకు పటిక లేనిదే పని పూర్తయినట్టు ఉండదు. ఉందా అని అడిగితే అతను ఒకసారి కౌంటర్ వైపు చూసి, కింది సొరుగు తీసి, దూది డబ్బా వెనక నుంచి చిన్న పటిక ముక్క తీశాడు. అంచులు అరిగి నున్నబడి ఉంది, సొంతానికి తెచ్చుకున్నది. "కస్టమర్లకు పెట్టద్దంటరు, బామ్ అమ్ముడుపోవాలె గద సార్" అన్నాడు. ఒకరి మొహాన రుద్దింది నాకు రుద్దకుండా కొంచెం చిదిపి నీళ్లలో వేసి ఆ నీళ్లే అద్దాడు. చురుక్కుమంది. చెవి కింద ఎక్కడో సన్నగా తెగినట్టుంది, అక్కడ మరీ. హాయిగా అనిపించింది.

కుర్చీ లేపుతూ బొగ్గు ఫేస్ మాస్క్ ఆఫర్లో ఉందని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు, చెప్పాలని రూలు కాబోలు, నేను వద్దనేలోపు అతనే తల అడ్డంగా ఊపాడు. బిల్లు 945. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కి తగ్గించారు, లేకపోతే 1,062 అయ్యేది, అలా లెక్కేసుకుని 117 మిగిలినట్టు సంబరపడ్డాను. ఆ మిగిలినదానికి కొంచెం కలిపి అతని చేతిలో పెట్టాను.

తొమ్మిదొందలకి తగినదేనా అంటే, కత్తి పనికి కాదు. అలాంటి చేతులు మంగళవారం తప్ప ఏ రోజైనా యూసుఫ్‌గూడ సందుల్లో దొరుకుతాయి. డబ్బులు ఆ టవళ్లకీ, వెనక ఎవరూ కాచుకుని లేరన్న తీరుబడికీ. మా ఊరి షాపులో ఆదివారం పొద్దున్న కుర్చీలో కూర్చుంటే అద్దంలో మన మొహం కంటే వెనక బెంచీ మీద వాచీ చూసుకునేవాళ్ల మొహాలే ఎక్కువ కనిపిస్తాయి, పాపం చేసే ఆయన మాత్రం ఏం చేస్తాడు, త్వరగా లేపేస్తాడు. కానీ ఆ బెంచీతోపాటు వచ్చే కబుర్లు 36లో ఎంతకీ దొరకవు, గొంతు తగ్గించి దొంగతనంగా మాట్లాడుకోవాలి.

సాయంత్రం విందులో నా మొహం గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఉలవచారు గురించి అరగంట మాట్లాడారు. తిరిగొచ్చేటప్పుడు కార్లో అక్కే ఉండబట్టలేక బుగ్గ మీద చెయ్యి వేసి చూసి, "బానే ఉందిలే, మెడ విరిచాడా?" అంది.

ఇప్పుడు పడుకోబోతుంటే సెలూన్ వాళ్ల మెసేజ్, మీ అనుభవం ఎలా ఉందో చెప్పండని. అయిదు చుక్కలూ నొక్కి, కుర్రాడి పని గొప్పగా ఉంది, అడగ్గానే పటిక కూడా పెట్టాడు అని టైప్ చేశాను. పంపేముందు అది చదివేది ఎవరో గుర్తొచ్చింది. పటిక మాట కొట్టేసి, టవళ్లు బాగున్నాయి, ఈ అబ్బాయికి మాఘమాసంలో లీవు ఇవ్వండి అని రాసి పంపించాను.