సి పీరియడ్, డి పీరియడ్: బ్యాక్టీరియా కణచక్రాన్ని నేను చదివిన పద్ధతి

లైఫ్ సైన్సెస్ పోటీ పరీక్షలకు చదువుతున్న మిత్రులకు, ముఖ్యంగా లెక్క కనిపించగానే పేజీ తిప్పేసేవాళ్లకు ఇది రాస్తున్నాను. డీఎన్ఏ రెప్లికేషన్ (డీఎన్ఏకు నకలు తయారవడం) ఒక అధ్యాయంలో, కణ విభజన ఇంకో అధ్యాయంలో ఉంటాయి. కష్టమైన ప్రశ్నలు మాత్రం ఆ రెండూ కలిసే చోటే పుడతాయి. అందుకే నేను రెండింటినీ ఒకే కాలరేఖ మీద పెట్టి చదివాను.

ముందు రెండు సంఖ్యలు. వేగంగా పెరిగే ఈ.కోలై బ్యాక్టీరియాలో ఓరి-సి (రెప్లికేషన్ మొదలయ్యే చోటు, అంటే ఆరిజిన్) దగ్గర మొదలైన రెప్లికేషన్ టెర్ (అది ముగిసే చోటు) ప్రాంతానికి చేరడానికి దాదాపు 40 నిమిషాలు పడుతుంది. అది సి పీరియడ్. ఆ తర్వాత కణం విడిపోవడానికి మరో 20 నిమిషాలు, అది డి పీరియడ్. 40ని బట్టీ పట్టనక్కర్లేదు. క్రోమోజోమ్ పొడవు సుమారు 46 లక్షల బేస్ జతలు, ఆరిజిన్ నుంచి చెరో వైపు నకలు తీస్తూ సాగే ఫోర్కులు రెండు, ఒక్కోదాని వేగం సెకనుకు దాదాపు 1000 బేస్‌లు. ఒక్కో ఫోర్కు వాటాకు 23 లక్షలు, అంటే 2300 సెకన్లు, 38 నిమిషాలు.

మంచి మీడియంలో (పోషకాల ద్రావణంలో) ఇదే బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. 60 నిమిషాల పని 20 నిమిషాల్లో ఎలా పూర్తవుతుంది? 1968లో కూపర్, హెల్మ్‌స్టెటర్ ఇచ్చిన జవాబు ఈ టాపిక్ మొత్తానికీ ఆయువుపట్టు: మొదటి రౌండు ముగియకముందే తర్వాతి రౌండ్లు మొదలవుతాయి. కాగితం మీద గీత గీసి, కుడి చివర విభజనను గుర్తించి, అక్కణ్నుంచి 60 నిమిషాలు వెనక్కి నడవండి. ఈ విభజనకు కావలసిన రెప్లికేషన్ అమ్మమ్మ కణం పుట్టినప్పుడే మొదలైందని తెలుస్తుంది. అప్పుడే పుట్టిన కణంలో నాలుగు ఆరిజిన్లు ఉంటాయి, వెంటనే అవి ఎనిమిదవుతాయి. సూత్రం కూడా ఇక్కణ్నుంచే వస్తుంది. సి, డి కూడి, కణాలు రెట్టింపవడానికి పట్టే కాలంతో భాగించి, 2ను ఆ ఘాతానికి పెంచితే కణానికి సగటు ఆరిజిన్ల సంఖ్య. ఇక్కడ 2 ఘాతం 3, అంటే 8. ఆరిజిన్, టెర్‌ల నిష్పత్తి కావాలంటే సి ఒక్కటే చాలు: 40/20, కాబట్టి 4. గీత గీయకుండా సూత్రంలోకి దూకొద్దు. ప్రశ్నలో చిన్న మెలిక పెడితే నిలబెట్టేది గీతే.

మరి ఎప్పుడు మొదలుపెట్టాలో కణానికి ఎలా తెలుస్తుంది? వేగంగా పెరిగే కణాలు పెద్దవిగా ఉంటాయని షాక్టర్, మాలో, కెల్‌గార్డ్ 1958లో చూపారు. దాన్ని కూపర్, హెల్మ్‌స్టెటర్ నమూనాతో కలిపి 1968లోనే డోనకీ ఓ లెక్క వేశాడు. ఒక్కో ఆరిజిన్‌కు ఇంత కణ ద్రవ్యరాశి చేరగానే రెప్లికేషన్ మొదలవుతుందని అందులో తేలింది. రెండు పాత ఫలితాల్ని పక్కపక్కన పెట్టి ఇంత దూరం వెళ్లడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అణువుల స్థాయిలో మీట నొక్కేది ఏటీపీ పట్టుకున్న డ్నా-ఏ ప్రొటీన్. మొదలైన వెంటనే మళ్లీ మొదలవకుండా చూసే కాపలాల్లో రెండింటిని గట్టిగా పట్టుకోండి. ఒకటి, సీక్-ఏ ప్రొటీన్ సగం మిథైలేషన్‌తో (పాత పోగు మీద మాత్రమే మిథైల్ గుర్తుతో) ఉన్న జీఏటీసీ అనే డీఎన్ఏ వరుసలకు అంటుకుని కొత్త ఓరి-సిని కాసేపు కప్పి ఉంచుతుంది. రెండు, రిడా అనే ఏర్పాటు: హెచ్‌డీఏ ప్రొటీన్ బీటా క్లాంప్‌తో (నకలు తీసే ఎంజైమును డీఎన్ఏకు పట్టి ఉంచే వలయంతో) కలిసి డ్నా-ఏ చేతిలోని ఏటీపీని ఏడీపీగా మార్పిస్తుంది. సీక్-ఏ లేకపోతే ఏమవుతుందో రన్-అవుట్ ప్రయోగంలో కనిపిస్తుంది. రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ కొత్త ప్రారంభాల్ని ఆపుతుంది, సెఫలెక్సిన్ అనేది విభజనను ఆపుతుంది, నడుస్తున్న ఫోర్కులు మాత్రం చివరిదాకా వెళ్తాయి. అప్పుడు ఫ్లో సైటోమెట్రీలో (ఒక్కో కణంలోని డీఎన్ఏను కొలిచే పద్ధతిలో) సాధారణ కణాలు 2, 4, 8 క్రోమోజోముల శిఖరాలిస్తాయి. సీక్-ఏ లేని కణాల్లో 3, 5, 6, 7 కూడా వస్తాయి, ఎందుకంటే ఆరిజిన్లన్నీ ఒకేసారి మొదలవడం లేదు. గ్రాఫ్ ఇచ్చి అది ఏ మ్యూటెంట్‌దో (ఏ జన్యువు చెడిన కణానిదో) అడిగే ప్రశ్నకు ఇంతకన్నా చక్కని ముడిసరుకు లేదు.

విభజన వైపు త్వరగా అయిపోతుంది. కణాన్ని రెండుగా చీల్చే ఎఫ్‌టీఎస్-జెడ్ ప్రొటీన్ వలయం కణం నడుమ కట్టుకోవాలి. మిన్ ప్రొటీన్లు ధ్రువాల దగ్గర దాన్ని కట్టనివ్వవు, అవి పోతే డీఎన్ఏ లేని మినీకణాలు పుడతాయి. ఈ.కోలైలో ఎస్ఎల్ఎం-ఏ, బాసిల్లస్ సబ్టిలిస్‌లో నాక్ ప్రొటీన్ న్యూక్లియాయిడ్ (కణంలోని డీఎన్ఏ ముద్ద) మీద వలయం పడకుండా చూస్తాయి. డీఎన్ఏ దెబ్బతింటే ఎస్ఓఎస్ అనే అత్యవసర స్పందనలో వచ్చే సుల్-ఏ ప్రొటీన్ నేరుగా ఎఫ్‌టీఎస్-జెడ్‌ను అడ్డుకుంటుంది, కణం తీగలా సాగుతుంది. ఈ జాబితాను ప్రొటీన్ పేరు నుంచి కాకుండా సూక్ష్మదర్శినిలో కనిపించే ఆకారం నుంచి వెనక్కి చదవండి, ప్రశ్నలు వచ్చే దిశ అదే.

ఇంతవరకూ పట్టు దొరికితే కలరా బ్యాక్టీరియా విబ్రియో కలరేతో పరీక్షించుకోండి. దానికి రెండు క్రోమోజోములు. పెద్దదాని మీద ఉన్న సీఆర్‌టీఎస్ అనే చోటు కాపీ అయినప్పుడే చిన్నది మొదలవుతుంది, అందుకే రెండూ ఇంచుమించు ఒకేసారి ముగుస్తాయి. ఆ చోటును పెద్ద క్రోమోజోమ్ ఆరిజిన్ పక్కకు జరిపితే ఏమవుతుందో గీత మీద గుర్తించి చూడండి. చిన్నది ముందే మొదలై, పెద్దదానికంటే ముందే ముగుస్తుంది.