లెక్కల మాస్టారి ‘తేడా ఎంత?’

మన స్కూలు బ్యాచ్ మీటింగ్ సంచికకి నాలుగు ముక్కలు రాయమని అప్పటి క్లాసు లీడరు ఫోన్ చేశాడు. కొబ్బరికాయల గొడవ, యానివర్సరీ నాటకం ఎలాగూ మిగతావాళ్ళు రాస్తారు. నేను లెక్కల మాస్టారి గురించే రాస్తాను.

రెండుకి వర్గమూలం చెప్పిన రోజు గుర్తుందా? పుస్తకం మూసేసి, ‘ఏదో ఒక సంఖ్య ఊహించండ్రా’ అన్నారు. వెనక బెంచీ వాళ్ళు ‘ఒకటి’ అని అరిచారు. రెండుని ఆ ఊహతో భాగించి, వచ్చినదాన్ని ఊహకి కలిపి సగం చేయమన్నారు. 1.5 వచ్చింది. మళ్ళీ చేస్తే 1.4167. ఇంకోసారి చేస్తే 1.414216. మోచేతి దాకా సుద్దపొడితో మన వైపు తిరిగి, ‘జవాబు సరే, తేడా ఎంత?’ అన్నారు. ఒక్కరం నోరు విప్పలేదు. ఆయనే దాన్ని వర్గం చేసి చూపించారు. రెండుని దాటింది లక్షలో ఒక వంతు కూడా లేదు! అప్పటినుంచి ఏ జవాబు చెప్పినా అదే ప్రశ్న.

ఇంటర్, డిగ్రీ గడిచిపోయాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు తెలిసింది, అది న్యూటన్ పద్ధతేనని, ప్రతి మెట్టులో సరైన అంకెలు దాదాపు రెట్టింపవుతాయని.

పీహెచ్‌డీకి బెంగళూరులోని టీఐఎఫ్‌ఆర్ (టాటా పరిశోధన సంస్థ) గణిత సెంటర్‌కి వెళ్ళాక ఉప్పెన లెక్కలు తీసుకున్నాను. దివిసీమ వాడిని, ఇంకేం తీసుకుంటాను? 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి మనందరం ఇళ్ళల్లో వింటూ పెరిగినవాళ్ళమే. సముద్రంలో పొడవాటి అల వేగం, గురుత్వాన్ని లోతుతో గుణిస్తే వచ్చేదాని వర్గమూలం. వంద మీటర్ల లోతులో సెకనుకి 31 మీటర్లు, పది మీటర్ల లోతుకొచ్చేసరికి పదే. ముందు నీరు నెమ్మదిస్తుంది, వెనక నీరు తరుముకొస్తుంది, మట్టం లేస్తుంది. కంప్యూటర్లో సముద్రాన్ని కిలోమీటరు గళ్ళుగా కోస్తే, మామూలు పద్ధతిలో ఆ వంద మీటర్ల లోతు దగ్గర కాలాన్ని, అల ఒక గడి దాటడానికి పట్టే 32 సెకన్లకి మించి దూకించకూడదు. దూకిస్తే అంకెలు పేలిపోతాయి. కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణిత శాస్త్రవేత్తలు ఈ షరతుని 1928లోనే, కంప్యూటర్లు రాకముందే చెప్పారు.

నీటిమట్టం ఇంత అని చెప్పడం సగం పనే. అది ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పడమే నా పరిశోధన. థీసిస్ మొదటి పేజీలో మాస్టారి పేరు వేశాను, కాపీ స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన ముందుమాట వదిలేసి, నేరుగా ఎర్రర్ పట్టికలు తీశారు.

లీడరూ, మాస్టారిని మీటింగ్‌కి తీసుకొచ్చే కారు నాది. మైకు మాత్రం ముందు ఆయనకే ఇవ్వాలి.