సిగ్మాని పదింతలు చేస్తే

ఇవాళ మీటింగులేవీ లేవు కాబట్టి కోడ్ ముట్టుకోకుండా మా ల్యాబ్ పైథాన్ లైబ్రరీలో డాక్‌స్ట్రింగ్‌లు (ఫంక్షన్లకి రాసే వివరణలు) బాగుచేద్దామని కూర్చున్నాను. డేటాకి సరిపోయే గీత వెతికే కర్వ్ ఫిట్టింగ్ ఫంక్షన్ దగ్గరే రోజంతా గడిచిపోయింది. లోపల అది చేసేదల్లా సైపై అనే సైన్స్ లెక్కల లైబ్రరీలోని కర్వ్_ఫిట్‌ని పిలవడమే, పైన ఉన్న వివరణేమో "సిగ్మా: సిగ్మా విలువలు". ఇది చదివి ఎవరికేం అర్థమవుతుంది?

అసలు సంగతేమిటంటే సైపైలో యాబ్సల్యూట్_సిగ్మా అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఫాల్స్. అంటే సిగ్మాగా మనమిచ్చే కొలత ఎర్రర్లలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న నిష్పత్తే లెక్కలోకి వస్తుంది, వాటి అసలు పరిమాణం రాదు. రిడ్యూస్డ్ కై స్క్వేర్ (ఫిట్ నుంచి డేటా ఎంత తప్పుకుందో సిగ్మాతో పోల్చి చెప్పే అంకె) 1 అయ్యేలా కోవేరియన్స్‌ని (ఫిట్‌లో తేలే విలువల ఎర్రర్లు వచ్చేది దీన్నుంచే) అదే సర్దేస్తుంది. ఒక్కో రీడింగ్‌కీ ఇంత అటూ ఇటూ అని జాగ్రత్తగా రాసుకొచ్చిన మనిషికి ఈ ముక్క తెలియాలి కదా! సైపై డాక్యుమెంటేషన్‌లో ఇది ఉంది, బాగానే రాశారు కూడా, కానీ పారామీటర్ల వరసలో అంతదూరం చదివే ఓపిక ఎంతమందికి ఉంటుంది? తిన్నగా ఉదాహరణల దగ్గరికి దిగి, కాపీ కొట్టుకుని పోతారు. నేనూ అంతే.

అందుకే ఇంకో పేరా రాయకుండా ఉదాహరణే రాశాను. అదే డేటా, సిగ్మాని 10తో గుణించి మళ్లీ ఫిట్ చేస్తే ఫిట్‌లో తేలిన పారామీటర్ల ఎర్రర్లు కదలవు; యాబ్సల్యూట్_సిగ్మా ట్రూ పెట్టి అదే పని చేస్తే 10 రెట్లవుతాయి. రెండూ పక్కపక్కన కనిపిస్తే చాలు, వివరణ అక్కర్లేదు.

మధ్యాహ్నం డాక్‌టెస్ట్ (డాక్‌స్ట్రింగ్‌లోని ఉదాహరణలు నడిపి, అక్కడ రాసిన జవాబే వస్తోందా అని చూసేది) నడిపితే దీనికి సంబంధం లేని పాత ఉదాహరణలన్నీ ఎర్రగా వచ్చాయి. 2024లో వచ్చిన నంపై (అంకెల లెక్కల లైబ్రరీ) 2.0 నుంచి 2.5 అని కనిపించాల్సింది ఎన్‌పీ.ఫ్లోట్64(2.5) అని కనిపిస్తోంది, డాక్‌టెస్ట్‌కేమో అక్షరం తేడా వచ్చినా కుదరదు. స్కిప్ అని తగిలించేస్తే టెన్షన్ పోతుంది గానీ, ఆ ఉదాహరణ రేపు నిజంగానే చెడిపోతే మాకు తెలిసే దారి ఉండదు. విసుగ్గానే ఒక్కొక్కటీ సరిచేశాను.

సాయంత్రం రివ్యూ చేసిన సీనియర్ ఉదాహరణ పొడుగైంది, డాక్‌స్ట్రింగ్‌లోని నోట్స్ భాగంలోకి మార్చమన్నారు. నోట్స్ ఎవరు చదువుతారండీ అన్నాను. సరే, ఇంత గొడవెందుకు, మన ఫంక్షన్‌లో డిఫాల్ట్‌నే ట్రూ చేసేద్దామా అన్నారాయన. అలా చేస్తే పాత స్క్రిప్టులు మళ్లీ నడిపినప్పుడు గ్రాఫుల్లో ఎర్రర్ బార్లు చెప్పాపెట్టకుండా మారిపోతాయి. దానికి వేరే ఇష్యూ తెరిచాను, డాక్‌స్ట్రింగ్ మాత్రం ఉదాహరణతో సహా ఈ రాత్రే మెర్జ్ అయింది.