రాయచూరు 1520: నీళ్ల తిత్తుల దాకా వచ్చింది పని

రాయచూరు యుద్ధాన్ని చిన్న బొమ్మలతో టేబుల్ మీద ఆడే ఆటగా తయారుచేస్తున్నా. రంగులేసే పనిలో కాల్బలం 84 బొమ్మల్లో 52 అయిపోయాయి, రౌతులు 33లో 15, ఏనుగులు ఐదూ అయ్యాయి, ఫిరంగులు మూడూ అయ్యాయి. లెక్క అంతవరకు బాగానే ఉంది, కానీ ఈ రెండు నెలల్లో చేసిన అన్నిటికంటే పెద్ద పని ఏంటంటే టేబుల్ మీద నుంచి కృష్ణా నదిని తీసెయ్యడం. అది చెప్పాలంటే మొదట్నుంచి రావాలి.

నేను చేస్తున్నది 1520 మే 19, శనివారం పొద్దున కృష్ణదేవరాయలకీ బీజాపూరు ఇస్మాయిల్ ఆదిల్ షాకీ మధ్య జరిగిన యుద్ధం. రాయలు అనగానే మనవాళ్లందరికీ అష్టదిగ్గజాలు గుర్తొస్తారు, యుద్ధం అంటే తళ్లికోట గుర్తొస్తుంది, మధ్యలో ఈ రాయచూరు ఎవరూ పెద్దగా మాట్లాడరు, కర్నూలు నుంచి చూస్తే వంద కిలోమీటర్లు కూడా గట్టిగా ఉండదేమో, తుంగభద్ర దాటితే ఆ దోవే కదా. అందుకే ఇదే పట్టుకున్నా. ఆధారం ఎక్కువగా నూనిజ్ అనే పోర్చుగీసాయన రాసిపెట్టింది, రాబర్ట్ సివెల్ 1900లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. నూనిజ్ లెక్కలో రాయల కాల్బలమే 7,03,000, గుర్రాలు 32,600, ఏనుగులు 551. నేనైతే ఈ అంకెల్ని ఉన్నదున్నట్టు నమ్మను, వెయ్యిమందికి ఒక బొమ్మ అనుకున్నా 703 బొమ్మలు కావాలి, అది ఒక మనిషి చేతిలో పని కాదు. అందుకని అంకెలు వదిలేసి బలగాల పొందిక మాత్రం తీసుకున్నా. రాయల వైపు 24 బేసులు, అంటే బొమ్మల్ని గుంపుగా నిలబెట్టే చిన్న పలకలు (15 కాల్బలం, 6 గుర్రాలు, 3 ఏనుగులు), బీజాపూరు వైపు 16 (6 కాల్బలం, 5 గుర్రాలు, 2 ఏనుగులు, 3 ఫిరంగులు). బేసు 40 × 40 మిల్లీమీటర్లు, దానిమీద నలుగురు కాలిబంట్లు లేదా ముగ్గురు రౌతులు, ఏనుగులకి మాత్రం 40 × 60. బొమ్మలన్నీ 1/72 సైజు, అంటే మనిషి రెండున్నర సెంటీమీటర్ల లోపే.

ఒక మాట, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి గట్టిగా చెప్తున్నా, బొమ్మలకి రంగు వేసే ముందు ఆటని కాగితం మీద ఆడి చూసుకోండి. ఏ3 కాగితం మీద షడ్భుజాల గళ్లు ప్రింట్ తీయించి, అట్టముక్కలు అరంగుళం సైజులో కత్తిరించి, వాటి మీద బలం ఎంత, నడక ఎంత అని రెండు అంకెలు రాసుకుంటే చాలు. దెబ్బలాట తేల్చడానికి పాత బోర్డు వార్‌గేముల (యుద్ధపు ఆటల) పద్ధతే, మన బలం ఎదుటివాడి బలానికి ఎన్ని రెట్లు ఉందో చూసుకుని పాచిక వేసి పట్టికలో ఫలితం చూడటం. మొత్తం ఖర్చు వంద రూపాయలు కాదు, రూలు తప్పని తేలితే చించి మళ్లీ రాసుకోవచ్చు. నా నది సంగతి బయటపడింది ఈ కాగితం మీదే.

సంగతేంటంటే నాకు మే నెల అనేది వదల్లేదు. కర్నూల్లో మే నెల మధ్యాహ్నం ఎట్లుంటుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు, అట్లాంటి ఎండలో దూది కుక్కి కుట్టిన అంగీలేసుకుని పొద్దున్నుంచీ కొట్లాడినారంటే నీళ్ల మాట లేకుండా ఆ యుద్ధాన్ని ఎట్లా ఆడతాం. నూనిజ్ కూడా రాశాడు, రాయల సైన్యంతో పాటు తోలు తిత్తులతో నీళ్లు మోసేవాళ్లు పది పన్నెండు వేలమంది ఉండేవాళ్లంట, నీళ్లు వెతికి తెచ్చి దోవ పొడుగునా నిలబడి ఎవరూ దప్పికతో చావకుండా పోసేవాళ్లంట. ఇది చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు నాకు. అప్పుడే రూలు రాసుకున్నా: ప్రతి బేసుకి మూడు నీలం పూసలు, కొట్లాటకి దిగితే ఒకటి పోతుంది, ఐదో టర్న్ (ఆడే వంతు) నుంచి ఎండెక్కినట్టు లెక్క కాబట్టి పూర్తి నడక నడిచినా ఒకటి పోతుంది. పూసలు అయిపోతే సగం నడకే, పాచికలో ఒకటి తగ్గించాలి. తిత్తులవాళ్ల బేసులు రాయల వైపు రెండు, అవి పక్క గడిలో ఉంటే టర్నుకి ఒక పూస తిరిగొస్తుంది.

బీజాపూరుకి ఏం చేశానంటే వాళ్ల వెనక టేబుల్ అంచున కృష్ణ పెట్టా, నది పక్కకి వచ్చిన బేసుకి మూడు పూసలూ నిండినట్టే. కడప నుంచి మా బావ వచ్చినప్పుడల్లా బీజాపూరు తనే తీసుకుంటాడు, ఐదాటల్లో నాలుగు గెలిచాడు. ఐదో టర్న్ రాగానే మెల్లగా నది దగ్గరికి జరిగేవాడు, మనవాళ్లు దప్పికతో వెంటబడి వెళ్లేసరికి వాళ్లు నిండుగా ఉండేవాళ్లు. "నది నాదైతే నేనెందుకు ముందుకొస్తా బావా" అన్నాడు, ఆ మాట సరైందే. మళ్లీ పుస్తకం తీసి నిదానంగా చదివితే అక్కడుంది, ఆదిల్ షా కృష్ణ దాటి ముందుకొచ్చి రాయచూరుకి తొమ్మిది మైళ్ల దగ్గర కందకం తవ్వుకుని దిగాడు, నది ఐదు మైళ్లు వెనక ఉండిపోయింది. ఐదు మైళ్లంటే ఎనిమిది కిలోమీటర్లు, నా కొలత అడుగుకి కిలోమీటరు, అంటే నది వాళ్ల శిబిరానికి ఎనిమిది అడుగుల వెనక ఉండాలి, నా టేబులేమో నాలుగడుగులు. పారిపోతూ చాలామంది ఆ నదిలోనే మునిగిపోయారని చదివి నది టేబుల్ మీదే ఉంటుందనుకున్నా. ప్లైవుడ్ మీద రెండు వారాలు కూర్చుని వేసిన నీలం మీద మళ్లీ మట్టి పోసేశా. వాళ్లకీ ఒక తిత్తుల బేసు ఇచ్చా. ఆ తర్వాత ఐదాటల్లో మూడు నావి, రెండు బావవి, ఇప్పుడు బావ కందకం దగ్గర ఫిరంగులతో ఆపడానికే చూస్తున్నాడు, జరిగింది కూడా అదే కదా.

ఫిరంగుల రూలు ఇది: కందకానికి మూడు గడుల్లోకి మన ముందు వరస వచ్చాక మూడూ ఒకేసారి పేల్చొచ్చు, ఆటలో ఒక్కసారే, రెట్టింపు బలంతో. నూనిజ్ చెప్పినట్టే ముందు వరస చెదిరిపోతుంది, బీజాపూరు వాళ్లు వెంటబడి తమ వరస తామే పాడుచేసుకుంటారు. అప్పుడు రాయలు తన ఉంగరం ఒక పరిచారకుడి చేతికిచ్చి, నేను పోతే రాణులకి ఇది చూపించమని చెప్పి రెండో వరసతో కదిలాడు. దీనికి ఉంగరం రూలు పెట్టా: ఆటలో ఒకసారి ఉంగరం తీసి బోర్డు పక్కన పెడితే చెదిరిన బేసులన్నీ తిరిగి నిలబడతాయి, కానీ అప్పట్నుంచి రాయల బేసు ముందు వరసలోనే ఉండాలి, అది పడితే ఆట పోయినట్టే. నేను పెట్టిన రూళ్లన్నిట్లో నాకు బాగా ఇష్టమైంది ఇదే, ఆ ఉంగరం తీసేటప్పుడు ప్రతిసారీ చెయ్యి కొంచెం వణుకుతుంది.

ఇక చేతిపని. మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు కాబట్టి ముందు గిన్నెలు తోమే సబ్బునీళ్లలో కడిగి, ఆరాక ఫెవికాల్ సగం నీళ్లు సగం కలిపి ఒక పూత వెయ్యాలి, లేకపోతే ఈటెల దగ్గర రంగు పెచ్చులూడిపోతుంది. స్ప్రే ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) మాత్రం పొద్దున ఆరు గంటలకే, ఎండెక్కాక కొడితే రంగు గాల్లోనే ఆరిపోయి బొమ్మ మీద గరగరగా ఇసుక చల్లినట్టు పడుతుంది, ఎనిమిది బొమ్మలు అట్లనే పోయాయి నాకు. యాక్రిలిక్ రంగు కుంచె మీదే గట్టిపడుతుంటే స్వీట్ బాక్సు మూతలో తడి స్పాంజి పరిచి దానిమీద బటర్ పేపర్ వేసి అక్కడ కలుపుకుంటున్నా, ఫ్యాన్ ఆపేస్తే గంటసేపు రంగు పచ్చిగానే ఉంటుంది. తలపాగాలు కొన్ని, కుళ్లాయిలు (టోపీలు) కొన్ని, లేపాక్షి గుడి చిత్రాల్లో పొడుగు కుళ్లాయిలు పెట్టుకున్నవాళ్లున్నారు కదా, శ్రీనాథుడి చాటువులో వినే కుళ్లాయే, ఎమ్-సీల్ చిన్న ఉండ చేసి సూదితో లాగితే వచ్చేస్తుంది.

ఏనుగులు కొండారెడ్డి బురుజు దగ్గర బొమ్మల షాపులో దొరికాయి. భుజం దాకా రెండు మీటర్ల 70 ఉండే ఏనుగు ఈ సైజులో 37, 38 మిల్లీమీటర్లు రావాలి, స్కేలు పెట్టి ఒక్కోదాన్ని కొలుస్తుంటే షాపాయన "ఏందన్నా, ఏనుక్కి చొక్కా కుట్టిస్తావా" అన్నాడు. బొమ్మల ఏనుగులు చాలావరకు ఆఫ్రికా ఏనుగులు, చెవులు చేటంత ఉంటాయి, వీపు మధ్యలో గుంట ఉంటుంది. బ్లేడుతో చెవులు సగానికి కోసి, వీపు మీద ఎమ్-సీల్ పెట్టి ఎత్తు చేస్తే మన ఏనుగైపోతుంది. ఫిరంగి గొట్టాలు అయిపోయిన పెన్ను రీఫిళ్లు, చక్రాలు చొక్కా గుండీలు.

బేసు మీదకి నల్లరేగడి తెచ్చి పెనం మీద వేయించి పాత టీ వడపోతలో జల్లించి ఫెవికాల్ మీద చల్లా. ఆరాక మరీ నల్లగా కనపడింది, లేత గోధుమరంగుతో పొడికుంచె లాగితేనే మట్టిలా అయింది. ఎండుగడ్డికి గోనెసంచి నార.

తిత్తులవాళ్ల దగ్గరే ఎక్కువ రోజులు పట్టింది. డబ్బాల్లో అట్లాంటి బొమ్మలు రావు, కాలిబంట్ల ఈటెలు కోసేసి వీపు మీద ఎమ్-సీల్‌తో తిత్తి అంటించా, దిండులాగా గుండ్రంగా చేశా. మా అబ్బ (తాత) కళ్లద్దాలు పెట్టుకుని చూసి, చిన్నప్పుడు కపిల తోలిన, అంటే ఎద్దులతో తోలు బానలో బావినీళ్లు తోడిన మనిషి కదా, "నీళ్లున్న తోలు ఇట్లుంటాదేమిరా, బరువంతా కిందికి జారుతాది, పైన ముడతలు పడతాది, మనిషి ముందుకి వంగుతాడు" అన్నాడు. అన్నీ పీకేసి మళ్లీ చేశా. వేడినీళ్లలో అరనిమిషం ముంచితే బొమ్మ నడుం దగ్గర మెత్తబడుతుంది, ముందుకి వంచి వెంటనే చల్లనీళ్లలో పెడితే అట్లనే నిలుస్తుంది. రెండోసారి చేసినవి చూసి అబ్బ ఏమీ అనలేదు, ఒకదాన్ని తీసుకుని తన మంచం పక్కన కిటికీలో పెట్టుకున్నాడు, అది ఇంకా అక్కడే ఉంది, అందుకని ఇంకోటి చెయ్యాలి.

మిగిలింది 32 కాలిబంట్లు, 18 మంది రౌతులు. యుద్ధం తర్వాత కోట ముట్టడి కూడా ఉంది, పోర్చుగీసు తుపాకులవాళ్లు గోడ మీద వాళ్లని కొడుతుంటే కింద మనవాళ్లు గడ్డపారలతో రాళ్లు ఊడబెరికింది, కానీ దానికి వేరే బోర్డు కావాలి, వచ్చే ఏడాది చూస్తా. ఈ వారం వార్నిష్ పని. బొమ్మలన్నిటికీ మెరుపు లేని మ్యాట్ వార్నిష్ వేస్తున్నా, తిత్తులకి మాత్రం మెరిసే గ్లాసీ వార్నిష్, తడి తోలు ఎండలో మెరుస్తుంది కదా.