రెండో సంవత్సరం, మొదటి లెక్క

పోయిన సంవత్సరం బడి తెరిచిన రోజున నా చేతిలో 14 పేజీల పాఠ్య ప్రణాళిక ఉండేది. ఏ పీరియడులో ఏ అధ్యాయం ముగించాలో, ఏ లెక్క తర్వాత ఏ లెక్క చెప్పాలో అంతా అందులో రాసుకున్నాను. ఈ సంవత్సరం ప్రణాళిక 3 పేజీలకు కుదిరింది. అనుభవం వచ్చింది కనుక అని చెప్పుకోవాలని ఉంది గానీ, అసలు కారణం ఒక భిన్నాల లెక్క.

నిరుడు ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి 1/2కి 1/3 కలిపితే 2/5 అని రాసేవాడు. లవాలు వేరుగా, హారాలు వేరుగా కూడేయడం ఎందరో పిల్లలు చేసే తప్పే కాబట్టి, నేను ఎర్ర సిరాతో కొట్టివేసి, పక్కన 5/6 వేసి, క.సా.గు. పద్ధతి బోర్డు మీద మరోసారి చెప్పి ముందుకు సాగిపోయేవాడిని. అలా నాలుగుసార్లు జరిగింది. ఐదోసారి, దిద్దే ఓపిక లేకనో ఏమో, అతన్ని పిలిచి అలా ఎందుకు చేస్తున్నావని అడిగాను. "పరీక్షలో మొదటి భాగంలో రెండింటికి ఒకటి, రెండో భాగంలో మూడింటికి ఒకటి వచ్చాయి. మొత్తం ఐదింటికి రెండని మీరే వేశారు కదా సార్" అన్నాడు.

నేను నిజంగానే అలా వేశాను. మార్కుల విషయంలో అతని కూడిక సరైనదే. ఎందుకంటే అక్కడ రెండు ప్రశ్నల గుంపును, మూడు ప్రశ్నల గుంపును కలిపి ఐదింటి గుంపును చేస్తున్నాం. భిన్నాలు కూడేటప్పుడు మాత్రం సగమైనా, మూడో వంతైనా ఒకే మొత్తంలోని భాగాలు. సగానికి ఇంకొంత కలిపాక సగం కన్నా తక్కువైన 2/5 ఎలా వచ్చిందని ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆ అబ్బాయే తన తప్పు పట్టుకునేవాడు. ఆ ప్రశ్న వేయడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

సైన్సు బోధనపై పరిశోధన చేసిన మేరీ బడ్ రో 1970వ దశకంలోనే తరగతి గదుల రికార్డింగులు విని, ప్రశ్న అడిగిన తర్వాత ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. ఆ విరామాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండిపోయేవారు తగ్గారు. శిక్షణలో ఈ సంగతి చదివి పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తరగతిలో మాత్రం ఆ ఒక్క సెకను కూడా ఆగలేకపోయాను. నిశ్శబ్దాన్ని చూస్తే నాకు పాఠం రాదని పిల్లలు అనుకుంటారేమోనన్న భయం.

నగరంలోని బడిలో అసలు నిశ్శబ్దం దొరకడమే అపురూపం. కిటికీలు తెరిస్తే హారన్ల మోత, మూస్తే ఉక్కపోత. ఇళ్లు మారడం వల్ల మధ్యలో వెళ్లిపోయేవారు, మధ్యలో చేరేవారు ఉంటారు. నిరుడు హాజరు పట్టీలో 46 పేర్లతో మొదలుపెట్టి, చివరికి ఏడు కొట్టివేతలు, ఐదు కొత్త పేర్లతో ముగించాను. భిన్నాలు చెప్పిన నెలలో లేని పిల్లవాడు సమీకరణాల నెలలో వచ్చి కూర్చుంటాడు. అందుకే ఈసారి ప్రణాళికలో ప్రతి అధ్యాయానికీ ముందు ఒక పీరియడు ఖాళీగా వదిలాను.

స్టాఫ్ రూమ్‌లో కొత్తగా చేరిన ఉపాధ్యాయుడు నన్ను అన్నీ తెలిసినవాడిలా చూస్తున్నాడు. నాకు అతనికన్నా ఖాయంగా తెలిసింది సుద్దముక్కల బీరువా తాళం ఎక్కడుంటుందో మాత్రమే.

మొదటి రోజు కొత్త ఎనిమిదో తరగతిలో పుస్తకం తెరవకుండా, సగానికి మూడో వంతు కలిపితే ఎంత ఉండవచ్చో లెక్క చేయకుండా చెప్పమన్నాను. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నాను. మూడో బెంచీ నుంచి ఒక చెయ్యి లేచింది. "సార్, నీళ్లు తాగి రావచ్చా?" వెళ్లి రమ్మని, మళ్లీ ఆగాను. ఆ అమ్మాయి తిరిగి వచ్చి, కూర్చోబోతూ, "సగం కన్నా ఎక్కువే సార్, కానీ ఒకటి దాకా రాదు" అంది. ఎందుకు రాదని నేను అడగబోయేలోపే, వెనక బెంచీ అబ్బాయి ముందుకు వంగి ఆమెను అదే అడుగుతున్నాడు.